వసంతంలో సాన్తియాగో కాలినడక: వానకూ చలికీ సిద్ధపడిన తీరు

ఫ్రాన్స్‌లోని సెంజాఁ పియె ద పోర్ పట్టణంలో మొదలై, పిరనీస్ పర్వతాలు దాటి, స్పెయిన్ ఉత్తర భాగం పొడవునా పడమరకు సాగే ఈ యాత్రామార్గం, అపొస్తలుడైన యాకోబు సమాధి ఉన్నదని విశ్వాసులు నమ్మే సాన్తియాగో దె కొంపోస్తెలా ప్రధానాలయం దగ్గర ముగుస్తుంది. దాని పొడవు సుమారు 780 కిలోమీటర్లు. ఏప్రిల్ తొలి దినాలలో బయలుదేరాలని నిశ్చయించుకున్న నాటి నుంచి నా ఆలోచనంతా వాతావరణం చుట్టూనే తిరిగింది. వారాల తరబడి వీపు మీది సంచే ఇల్లుగా నడిచే మనిషికి యాత్ర సాగుతుందో ఆగుతుందో తేల్చేవి వాన, చలి, గాలులే.

నెలవారీ సగటు ఉష్ణోగ్రతల పట్టికలను పక్కన పెట్టి, దారి ఎత్తుపల్లాల పటాన్ని ముందు వేసుకున్నాను. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే చల్లదనం సుమారు 6 డిగ్రీలు పెరుగుతుంది. సెంజాఁ సముద్రమట్టానికి 170 మీటర్ల ఎత్తులో ఉంటే, తొలి రోజు దాటవలసిన కనుమ 1400 మీటర్లకు పైన ఉంటుంది. బుర్గోస్ నుంచి లియోన్ వరకు పరచుకున్న మెసెతా పీఠభూమి దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉంటుంది. అస్తోర్గా తర్వాత వచ్చే ఇనుప శిలువ, క్రుస్ దె ఫెర్రో, సుమారు 1500 మీటర్లు. సాన్తియాగో ఉన్న వాయవ్య ప్రాంతం గలీసియాకు ముఖద్వారమైన ఓ సెబ్రెయిరో 1300 మీటర్లు. కాబట్టి స్పెయిన్‌లో వసంతం ఎలా ఉంటుందన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఎంత ఎత్తులో, ఏ వారంలో అని అడిగినప్పుడే అక్కరకు వచ్చే జవాబు దొరుకుతుంది.

పిరనీస్ మీదుగా వెళ్లే నెపోలియన్ మార్గాన్ని స్పెయిన్‌లోని నవార్రా ప్రాంత ప్రభుత్వం నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు మూసివేస్తుంది. దారి తెరుచుకునే తేదీ వచ్చినంత మాత్రాన మంచు కరిగిపోదు గనుక, ఆ మార్గాన్నీ, రహదారి వెంట లోయలో సాగే వాల్కార్లోస్ మార్గాన్నీ మొదటి నుంచే సమానంగా అధ్యయనం చేశాను. నేను సెంజాఁ చేరిన సాయంత్రం పట్టణంలో సన్నని జల్లు పడుతుండగా, కొండ మీద మంచు కురుస్తున్నదనీ, ఎదురుగాలి బలంగా ఉన్నదనీ, లోయదారిన వెళ్లడమే క్షేమమనీ యాత్రికుల కార్యాలయంలోని స్వచ్ఛంద సేవకులు చెప్పారు. వారి మాట అక్షరాలా పాటించాను. పై దారి దృశ్యాలు చేజారిపోతాయన్న బాధతో కొందరు వాదించడం చూశాను గాని, కొండ గురించి కొండ పక్కన ఉన్నవారి మాటే చెల్లాలని నా దృఢ అభిప్రాయం. లోయదారి చివరి అడవిలో ఇబాన్యెతా కనుమకు ఎక్కడం కూడా తేలిక కాదు. ఆ సాయంత్రం కనుమ దాటాక వచ్చే రొన్సెస్‌వాయెస్ ఊరి ఆలయంలో యాత్రికులను ఆశీర్వదించినప్పుడు, ఏ దారిన వచ్చావని ఎవరూ అడగలేదు.

దుస్తుల విషయంలో ఒక్క బరువైన చలికోటుకు బదులు పొరలు పొరలుగా ధరించే పద్ధతిని ఎంచుకున్నాను. ఒంటికి తగిలేలా పలుచని ఉన్ని బనియను, దాని మీద ఫ్లీస్ చొక్కా, అన్నిటికీ పైన గాలినీ వాననూ ఆపే జాకెట్. తడిసిన నూలు బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. వసంతంలో అసలు ప్రమాదం గడ్డకట్టే చలి కన్నా తడిసిన ఒంటికి గాలి తగలడంలోనే ఎక్కువగా ఉంది, అందుకే పలుచని చేతి తొడుగులను సంచి పై అరలోనే ఉంచాను. సంచి బరువు శరీర బరువులో పదో వంతుకు మించకూడదన్న యాత్రికుల నియమం వల్ల, ప్రతి వస్తువూ రెండు పనులకు పనికొస్తేనే తీసుకున్నాను.

మెసెతాలో పచ్చని గోధుమ చేల మధ్య మధ్యాహ్నం ఎండ హాయిగా ఉన్నా, తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుని ఉండేది. పడమరకే నడక గనుక ఎండ ఎక్కువసేపు ఎడమవైపునే పడుతుంది. చల్లగాలి వీస్తుండగా చర్మం కమిలిన సంగతి సాయంత్రం దాకా తెలియదు, కాబట్టి ఎడమ చెవికీ మెడకూ లేపనం తప్పనిసరి. కరియోన్ పట్టణం దాటాక దాదాపు 17 కిలోమీటర్ల మేర ఊరు లేదు, గాలికి అడ్డూ లేదు. ముందు రోజు సాయంత్రం గాలి దిశ చూసుకున్నాకే ఆ దారిలో అడుగు పెట్టాను. మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుగుతాయి గనుక ఏప్రిల్ ఆరంభంలో ఆ ప్రాంతాన దాదాపు ఎనిమిదింటి వరకు సూర్యోదయం కాదు. చీకట్లో బయలుదేరడం వేసవి యాత్రికులకు అవసరం; వసంతంలో వెలుగు వచ్చాక కదలడమే మేలు.

ఈస్టర్ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడైనా రావచ్చు. దానికి ముందు అల్బెర్గేలు, అంటే యాత్రికుల బసలు, కొన్ని తెరుచుకోవు. ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో తెరిచినవి నిండిపోతాయి. ఏ ఊళ్లో ఏది తెరిచి ఉంటుందో ముందే కనుక్కుని రాసుకోవడం వల్ల, వాన పెరిగిన రోజున ఎక్కడ ఆగవచ్చో నాకు తెలిసి ఉండేది. వాతావరణ సూచనలను మూడు రోజులకు మించి లెక్కలోకి తీసుకోలేదు. బదులుగా, తిరుగు ప్రయాణపు టికెట్‌కు ముందు కొన్ని ఖాళీ రోజులు వదిలాను. నా సన్నాహమంతటిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

ఆ ఖాళీ రోజుల విలువ గలీసియాలో తెలిసింది. అట్లాంటిక్ మబ్బులు ఆ కొండలను వదలలేదు. రోజువారీ దూరాన్ని సగానికి తగ్గించి, మధ్యాహ్నానికే బస చేరి, బూట్లలో పాత వార్తాపత్రికలు కుక్కి, తడిసిన కాగితం తీసి పొడిది పెడుతూ మర్నాటికి ఆరబెట్టుకునేవాణ్ణి. అలా నడిచినా సాన్తియాగోలో కొంత వ్యవధి మిగిలింది. చేరిన మర్నాడు పొడి బట్టలతో, తొందర లేకుండా, మధ్యాహ్నం పన్నెండు గంటల యాత్రికుల ఆరాధనలో పాల్గొన్నాను.