షువైఖ్ గ్యారేజీలో చైను లెక్కలు

కువైట్‌లోని షువైఖ్ పారిశ్రామిక వాడలో నేను పనిచేసే గ్యారేజీకి, చలి మొదలై జనం ఎడారిలో గుడారాలు వేసుకునే రోజుల్లో, పిల్లల కోసం ఇంట్లోనే కట్టుకున్న బగ్గీలు (ఇసుకలో నడిపే చిన్న బండ్లు) మరమ్మతుకు వస్తుంటాయి. వాటిలో ఇంజను చెడినవి తక్కువ, చైనుకూ, అది ఎక్కి తిరిగే పళ్ల చక్రమైన స్ప్రాకెట్‌కూ పొత్తు కుదరనివే ఎక్కువ.

కావలిలో పని నేర్చుకునేటప్పుడు మేము చైనును బండి పేరు చెప్పి అడిగేవాళ్లం. కంపెనీ బండికి అది చాలు. ఒకచోటి ఇంజను, ఇంకోచోటి ఇరుసు తెచ్చి కట్టిన బండికి పేరెక్కడిది? ఇక్కడ మా ఫోర్‌మన్ చైను ముక్క చేతికి రాగానే కొలవడానికి వెర్నియర్ అందుకుంటాడు. 420, 428 అనే రెండు సైజుల చైన్లకూ పిచ్, అంటే పక్కపక్క పిన్నుల మధ్య దూరం, 12.7 మిల్లీమీటర్లే గనుక చూపుకు ఒకేలా ఉంటాయి. అయితే లోపలి వెడల్పు మొదటిదానికి 6.35, రెండోదానికి 7.94 మిల్లీమీటర్లు, పళ్ల సందులో కూర్చునే రోలర్ లావు 7.77, 8.51. 420 చైను 428 స్ప్రాకెట్ మీదికి ఎక్కనే ఎక్కదు, కాబట్టి ఆ తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. 428 చైను మాత్రం 420 స్ప్రాకెట్ మీద ఎక్కి తిరుగుతుంది. రోలర్ పంటి అడుగుకు దిగకుండా పైపైన ఆనుతూ, అటూ ఇటూ ఊగుతూ పళ్లను అరగదీస్తుంది. నా మటుకు ఇదే ప్రమాదకరమైన జత.

మా అక్క కొడుకు ఊళ్లో పాత పంపు ఇంజనుతో బండి కడుతున్నాడు. "మామా, ముందు 14, వెనక 42 పళ్లున్న బైకు సెట్టు దొరికింది, వేసెయ్యనా?" అని ఫోన్ చేశాడు. ఇంజను నిమిషానికి 3600 చుట్లు తిరిగితే ఇరుసు 1200 తిరుగుతుంది. 11 అంగుళాల చక్రానికి అది గంటకు దాదాపు 63 కిలోమీటర్లు. బైకులో ఈ సెట్టుకు ముందు గేర్‌బాక్సు వేగాన్ని తగ్గిస్తుంది, పంపు ఇంజనుకు ఆ సదుపాయం లేదు. కావలి దగ్గరి తుమ్మలపెంట సముద్రతీరం ఇసుకలో బండి కదలకముందే క్లచ్ కాలిపోతుంది. "మధ్యలో ఇంకో ఇరుసు వేసి వేగాన్ని మళ్లీ సగానికి తగ్గించు అబ్బయా" అన్నాను. అప్పుడు 31 దాకా వస్తుంది, పిల్లల బండికి అదీ ఎక్కువే.

రెండు చైన్లూ 428వే తీసుకోమన్నాను. స్ప్రాకెట్లు ఒకే వరుసలో ఉన్నాయో లేదో ఇనుప స్కేలు ఆనించి చూడమని, చైను లాక్ క్లిప్పు మూసి ఉన్న కొస చైను నడిచే దిక్కుకే ఉండాలని కూడా చెప్పాను. ఇప్పుడు లేత్ దగ్గర మధ్య ఇరుసు కోయిస్తున్నాడు.