వేలం బల్లకి మార్కులు ఎలా వేయాలి?

ఐపీఎల్ సీజన్ అయిపోగానే మా ఫ్యామిలీ గ్రూపులో మన హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ యాజమాన్యాన్ని ఉతికి ఆరేస్తారు. 2024లో ఫైనల్‌కి వెళ్తే వాళ్ళంత మేధావులు లేరు. 2025లో ఆరో స్థానంలో ఆగిపోతే ఆటగాళ్ళని కొనడమే రాదు. బాలానగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీకి ముడిసరుకు కొనే ఉద్యోగం నాది కాబట్టి ఈ తీర్పులు నాకు మింగుడుపడవు. నేను కొన్నాక స్టీలు రేటు పడితే "కాస్త ఆగలేకపోయావా?" అంటారు. కొన్న రోజున నా ముందున్న కొటేషన్లు మాత్రం ఎవరూ తీసి చూడరు.

2022 డిసెంబర్‌లో కొచ్చిలో జరిగిన వేలమే చూడండి. ఒకే రోజు, అదే బల్ల దగ్గర కూర్చుని హ్యారీ బ్రూక్‌ని 13.25 కోట్లకి, క్లాసెన్‌ని 5.25 కోట్లకి, మన విశాఖ కుర్రాడు నితీశ్ రెడ్డిని 20 లక్షలకి కొన్నారు. బ్రూక్ 11 మ్యాచుల్లో 190 పరుగులు చేశాడు, అందులో వంద ఒక్క ఈడెన్ గార్డెన్స్‌లోనే. ఇప్పటికీ అందరూ ఎత్తిపొడిచేది ఆ కొనుగోలునే. కానీ ఆ నెలలోనే అతను పాకిస్తాన్‌లో వరసగా మూడు టెస్టుల్లో సెంచరీలు కొట్టాడు. అతని కోసం రాజస్థాన్ జట్టు కూడా 13 కోట్ల దాకా పాడింది. ఆ రోజుకి అది పిచ్చి పాటేం కాదు. నాకు నచ్చింది, ఇంత పోశాం కదా అని పట్టుకుని వేలాడకుండా ఏడాదికే వదిలేయడం. తర్వాతి వేలంలో కమిన్స్‌తో పాటు హెడ్ కూడా వచ్చాడు, అదీ 6.8 కోట్లకే.

అసలు చిక్కు ఓపెనర్ అభిషేక్ శర్మ లెక్కలో ఉంది. 2018 చివర్లో ధావన్‌ని ఢిల్లీకి ఇచ్చి విజయ్ శంకర్, నదీమ్, అభిషేక్‌లని తెచ్చుకున్నారు. ధావన్ అక్కడ 2019లో 521, 2020లో 618 పరుగులు చేశాడు. అప్పుడు చూస్తే అది చేతకాని బేరం. 2025 ఏప్రిల్‌లో పంజాబ్ మీద ఉప్పల్‌లో అభిషేక్ 141 కొట్టిన రాత్రి మా బావ ఫోన్ చేసి "చూశావా, వాళ్ళు ఆనాడే కనిపెట్టారు" అన్నాడు. ఏం కనిపెట్టారు బావా! జట్లు కొందరిని తప్ప అందరినీ వదిలేసి మళ్ళీ కొనుక్కునే 2022 మెగా వేలానికి ముందు నలుగురిని అట్టిపెట్టుకునే వీలుండగా విలియమ్సన్, సమద్, ఉమ్రాన్ ముగ్గురితో సరిపెట్టి, అభిషేక్‌ని వదిలేశారు. మళ్ళీ వేలంలో 6.5 కోట్లు పోసి తెచ్చుకున్నారు. మెచ్చుకోవాల్సింది ఏదైనా ఉంటే ఆ పాటనే, ధావన్ బేరాన్ని కాదు. ఆ పాట నాటికి కోచ్ టామ్ మూడీ. అభిషేక్ 2024లో విరుచుకుపడేసరికి కోచ్‌గా వెట్టోరి ఉన్నాడు, పేరంతా ఆయనకే వచ్చింది.

ఇంతకీ నేను వాళ్ళ తరఫు వకీలుని కాదు. 2022 వేలానికి ముందు నిలుపుకున్న ఆ ముగ్గురిలో అప్పటిదాకా మన జట్టులోనే ఉన్న అఫ్గాన్ స్పిన్నర్ రషీద్ ఖాన్ లేడు. విలియమ్సన్‌కి 14 కోట్లు ఇచ్చారు, రషీద్‌ని గుజరాత్ 15 కోట్లకి తీసుకుని మొదటి ఏడాదే కప్పు కొట్టింది. కప్పు సంగతి పక్కన పెట్టండి, అది తర్వాత తెలిసిన విషయం. నిలుపుకునేవాళ్ళలో రషీద్ మొదటి స్థానం అడిగాడని అప్పట్లో వార్తలొచ్చాయి. అడిగితే ఇవ్వాల్సింది. టీ20లో అతనంటే ఏమిటో అప్పటికే మనందరం ఉప్పల్‌లో కళ్ళారా చూశాం. దానికి మాత్రం నేను సున్నా వేస్తాను.