తొమ్మిది గుళ్లు, తొమ్మిది పాచికలు

బెంగళూరు మారతహళ్లిలోనో కోరమంగళలోనో ఏదైనా బ్యాంకు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న గార్డు ఒళ్లో రెండు గొట్టాల తుపాకి ఉంటుంది, చూసే ఉంటారు. లైసెన్సు కాగితంలో దాని పేరు డీబీబీఎల్, అంటే డబుల్ బ్యారెల్ బ్రీచ్ లోడింగ్, వెనక నుంచి తూటాలు నింపే రెండు గొట్టాలది. వాడుకలో పన్నెండు బోరు. రోగ్‌లైక్ ఆటలు, అంటే గడుల పటం మీద వంతులవారీగా ఆడే కంప్యూటర్ ఆటలు, ఆడేవాళ్లకు ఇది పాత చుట్టమే. డీఆర్‌ఎల్‌లో, అంటే 2016లో ట్రేడ్‌మార్క్ గొడవ వచ్చేదాకా డూమ్‌ఆర్‌ఎల్ అనిపించుకున్న ఆటలో, డబుల్ షాట్‌గన్ అంటే ఇదే.

ఆటలో మామూలు షాట్‌గన్ దెబ్బ 8డీ3. 1 నుంచి 3 దాకా అంకెలున్న పాచికలు ఎనిమిది వేసి కూడితే వచ్చే మొత్తం అన్నమాట: కనిష్ఠం 8, గరిష్ఠం 24, సగటు 16. డబుల్ షాట్‌గన్‌లో తూటాకు 9డీ3, రెండు తూటాలూ ఒకేసారి పేలతాయి కాబట్టి 18 పాచికలు, సగటు 36. కాగితం మీద ఇది 18 నుంచి 54 దాకా ఎంతైనా రావచ్చు. కానీ ఇన్ని పాచికలు కలిసి పడితే మొత్తం మధ్యలోనే తచ్చాడుతుంది. వందకు తొంభై సార్లకు పైగా 30, 42 మధ్యే వస్తుంది. రాకెట్ లాంచర్ 6డీ6 కాబట్టి దాని సగటు 21, పైగా పడేదాకా ఎంత వస్తుందో నమ్మకం లేదు. షాట్‌గన్‌ను నమ్ముకోవచ్చనేది ఇందుకే.

ఇప్పుడు అసలు తూటా సంగతి. పన్నెండు బోరు అంటే, ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి వ్యాసం అంత, సుమారు 18.5 మిల్లీమీటర్లు. బోరు అంకె పెరిగితే గొట్టం సన్నబడేది అందుకే. మన దగ్గర ఎస్‌జీ అనే పెద్ద సీసపు గుళ్ల తూటా 70 మిల్లీమీటర్ల పొడవుది తీసుకుంటే అందులో సాధారణంగా ఎనిమిదో తొమ్మిదో గుళ్లు ఉంటాయి. ఒక్కోటి 8.4 మిల్లీమీటర్లు, మూడున్నర గ్రాములు. ఎనిమిది పాచికలు, తొమ్మిది పాచికలు! కాకతాళీయమే అనుకున్నా, లెక్క అతికినట్టు కుదిరింది. ఈ ఆటకు మూలమైన 1993 నాటి డూమ్‌లో ఒంటి షాట్‌గన్‌కు 7 గుళ్లు, 1994లో వచ్చిన రెండో భాగంలో జంట గొట్టాలకు 20. ఏడు రెళ్లు పద్నాలుగు కదా, మిగతా ఆరు ఎక్కడివి? ఈ విషయంలో రోగ్‌లైకే నిజాయతీగా ఉంది.

తప్పంతా గుళ్లు విచ్చుకునే తీరులో ఉంది. ఆటలో పేలిస్తే దెబ్బ విసనకర్రలా విచ్చుకుని, పక్కపక్కన నిలబడ్డ ముగ్గురికీ తగులుతుంది. గడి గడికీ బలం తగ్గుతుంది, జంట గొట్టాలది మరీ త్వరగా. నిజంగా అయితే, మూతి దగ్గర బిగువు లేని గొట్టం నుంచి గుళ్లు మీటరుకు సుమారు రెండున్నర సెంటీమీటర్లు విచ్చుకుంటాయనేది వాడుక లెక్క. ఐదు మీటర్ల గదిలో అరచేతి వెడల్పు, పది మీటర్లకు అన్నం కంచమంత. గురి చూడక్కర్లేదనే మాట గదిలో అసలు చెల్లదు. గొట్టం మూతి దగ్గర కాస్త బిగువుగా చేసిన భాగాన్ని చోక్ అంటారు. ఫుల్ చోక్ అయితే 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో 70 శాతం గుళ్లు పడాలి. జంట గొట్టాలవాటిలో సాధారణంగా ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానిది, వెనకది ఎడమ దానిది. కుడిది కాస్త వదులు, ఎడమది బిగువు: దగ్గరిదానికి ఒకటి, పారిపోతున్నదానికి ఇంకొకటి. ఆటలో ఒక్క గొట్టమే పేల్చే వీలున్నా, ఈ తేడా మాత్రం లేదు.

దెబ్బ తిన్న రాక్షసుడు వెనక్కి ఎగిరిపడటం ఇంకో వింత. తొమ్మిది గుళ్లు కలిపి 31 గ్రాములు, వేగం సెకనుకు 400 మీటర్లు అనుకుందాం. అదంతా 70 కిలోల మనిషిలో ఆగిపోయినా అతనికి వచ్చే వేగం సెకనుకు 18 సెంటీమీటర్లే. తుపాకిని భుజానికి ఆనించి పేల్చిన మనిషికీ దాదాపు అంతే తోపు తగలాలి. అతను గోడకు కొట్టుకోవడం లేదు కదా. అయినా ఆటలో దీన్ని వదులుకోకండి. ఎగిరిపడ్డవాడు మళ్లీ మీదికొచ్చేలోగా తూటాలు నింపుకోవచ్చు.

కవచం దగ్గర మాత్రం ఆట లెక్క సబబే. చిల్లర గుళ్ల దెబ్బకు కవచం రెట్టింపు పనిచేస్తుంది. గుండ్రటి సీసపు గుళ్లు రైఫిల్ తూటాలా దూసుకుపోవు మరి. కాబట్టి బేరన్ లాంటి బలమైన రాక్షసుడిని దూరం నుంచి గోకకుండా, మూల తిరిగి నిలబడి, పక్క గడిలోకి వచ్చాక రెండు గొట్టాలూ వదలాలి.

కాంబాట్ షాట్‌గన్‌కు 7డీ3, ఐదు తూటాలు. ప్రతి దెబ్బ తర్వాతా పంప్ చేస్తేనే, అంటే ముందుపిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తేనే, రెండోది పేలుతుంది, ఒక అడుగు కదిలినా పంప్ అయిపోతుంది. షాటీమ్యాన్ అనే నైపుణ్యం తీసుకుంటే నడుస్తుండగానే తూటాలు కూడా నిండుతాయి. అసలు పంప్ తుపాకీతో వచ్చే చిక్కు మాత్రం ఆటలో లేదు. కంగారులో ముందుపిడిని చివరిదాకా లాగకుండా ముందుకు తోస్తే, ఖాళీ డొల్ల బయటపడకపోవచ్చు, కొత్త తూటా గొట్టంలోకి రాకపోవచ్చు. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని చప్పుడొస్తుంది, అంతే. జంట గొట్టాల తుపాకికి ఈ బాధ లేదు: మధ్యకు విరవడం, రెండు డొల్లలు తీయడం, రెండు తూటాలు పెట్టి మూయడం. ఆ గార్డు చేతిలో పంప్ కాకుండా అది ఉండటానికి ఈ తేలిక కూడా ఒక కారణం కావచ్చు.