హేడ్రియన్ గోడ వెంట నడక: బుక్ చేసేముందు

ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసే మనవాళ్లు, ఆ దేశపు ఉత్తరాన రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ నడకకి డబ్బు కట్టేముందు ధర చూస్తారు, తేదీలు చూస్తారు. రోజుకి ఎన్ని మైళ్లో ఆఖర్న చూస్తారు. ముందు చూడాల్సింది అదే. తూర్పున వాల్సెండ్ నుంచి పడమట బోనెస్-ఆన్-సోల్వే దాకా దారి 84 మైళ్లు, అంటే 135 కిలోమీటర్లు. ఆరు రోజుల్లో పూర్తి చేయాలంటే రోజుకి సగటున 14 మైళ్లు. కుర్చీకి అలవాటుపడ్డ కాళ్లు మొదటిరోజు హుషారుగానే నడుస్తాయి, మూడోరోజు మొండికేస్తాయి. తూర్పు నుంచి వచ్చేవాళ్లకి ఎక్కుడు దిగుళ్లు మొదలయ్యేది ఆ రోజే.

పైగా దారి పొడవునా గోడ ఉండదు. క్రీ.శ. 122లో మొదలైన కట్టడమిది. తర్వాత దాని రాళ్లు ఇళ్లకీ చర్చిలకీ పొలాల గోడలకీ తరలిపోయాయి. 18వ శతాబ్దంలో మైళ్ల కొద్దీ దాని మీదే మిలిటరీ రోడ్డు వేశారు. న్యూకాసిల్ వైపు మొదటిరోజంతా దాదాపు ఊరూ, టైన్ నది ఒడ్డూ. కార్లైల్ దాటాక చిత్తడి బీళ్లు. కళ్లారా చూడాలంటే చాలర్‌ఫర్డ్ నుంచి బర్డోస్వాల్డ్ కోట దాకా, ఇరవై మైళ్ల పైచిలుకు. సెలవులు తక్కువగా ఉంటే ఈ మధ్యభాగానికే గైడ్‌తో మూడు రోజులు తీసుకోండి. బ్యాంక్ హాలిడే సోమవారానికి ముందు శుక్రవారం ఒక్కటి సెలవు పెడితే సరిపోతుంది. ఆసుపత్రి షిఫ్టులవాళ్లు మాత్రం రోస్టర్ వేయకముందే అడగాలి.

ఎత్తు చూసి భయపడక్కర్లేదు. అన్నిటికంటే ఎత్తైన విన్‌షీల్డ్స్ దగ్గర కూడా 345 మీటర్లే. కానీ అక్కడ రాతిమెట్లు నిటారుగా దిగి, వెంటనే ఎక్కి, మళ్లీ దిగాలి. మోకాళ్లు పట్టేసేది దిగేటప్పుడే, అందుకే రెండు చేతికర్రలు ఉండాలి. గంటకి మూడు మైళ్లు, ప్రతి 300 మీటర్ల ఎక్కుడుకి అరగంట అదనం అన్నది పాత లెక్క. గుంపు ఇంకా నెమ్మదిగా నడుస్తుంది.

‘సెల్ఫ్ గైడెడ్’ అని ఉంటే గైడ్ రాడు. సామాను బస నుంచి బసకి చేరుస్తారు, మ్యాపు ఇస్తారు, అంతే. బ్యాగు బరువు పరిమితి, ఒంటరిగా గది తీసుకుంటే అదనపు రుసుము ముందే అడగండి. శాకాహారమని ఒక్క మాట రాస్తే మధ్యాహ్నం మూడు రోజులూ చీజ్ శాండ్‌విచ్చే వస్తుంది. గుడ్డు తింటారో లేదో కూడా చెప్పండి. పల్లెటూరి పబ్బుల్లో వంటిల్లు తొందరగా మూసేస్తారు. గదిలో కెటిల్ ఉంటుంది కాబట్టి వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా ప్యాకెట్లు అక్కరకొస్తాయి.

కొత్త బూట్లతో బయల్దేరితే బొబ్బలు ఖాయం. కనీసం రెండు మూడు వారాంతాలు వాటితో నడిచి చూడాలి. మడమ దగ్గర వేడిగా అనిపించిన వెంటనే ఆగి ప్లాస్టర్ వేయాలి, సాయంత్రం దాకా ఓర్చుకోకూడదు. జీన్స్ తడిస్తే బరువెక్కుతుంది, తొందరగా ఆరదు. గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది, కాబట్టి తూర్పు నుంచి నడిచేవాళ్లకి వాన మొహానికే కొడుతుంది.

గోడకి దక్షిణంగా ఉన్న విండోలాండా కోటలో దొరికిన రోమన్ల నాటి చెక్కరేకుల్లో ఒకదాని మీద ఎవరికో సాక్సులు, రెండు జతల చెప్పులు, రెండు లోదుస్తులు పంపినట్టు రాసి ఉంది. ఆ కోట దారికి కాస్త పక్కన ఉంటుంది, ప్యాకేజీలో కలిపారో లేదో చూసుకోండి.

గోడ ఎక్కకూడదు. గడ్డిలో ఒకరి వెనక ఒకరు నడిస్తే చాలుపడి, కింద పూడుకుపోయిన రోమన్ కట్టడాలు దెబ్బతింటాయి. అందుకే గైడ్ పక్కపక్కన నడవమంటాడు. దూడలున్న ఆవులకి బాగా ఎడంగా వెళ్లాలి. కొండల మధ్య సిగ్నల్ పోతూ ఉంటుంది, కాబట్టి ఆన్-కాల్ డ్యూటీ ముందే ఎవరికైనా అప్పగించండి.

చివరిదాకా వెళ్లేవాళ్లు సముద్రం పోటు వేళలు చూసుకోవాలి. పెద్ద పోటు వస్తే బర్గ్-బై-శాండ్స్ దాటాక రోడ్డు నీట మునుగుతుంది. బోనెస్ నుంచి కార్లైల్‌కి బస్సులు కూడా తక్కువే.