నా నడుం నొప్పి, బాత్ నీళ్లు

నర్సు నా చేతికిచ్చిన కాగితం మీద మొదటి మాటే "బాత్" అని ఉంది. స్నానం గురించి అడుగుతారేమో అనుకున్నాను. అప్పటికి ఆస్పత్రుల్లో నన్ను అడగని ప్రశ్న లేదు, ఇదొకటి ఎక్కువా అని పెన్ను తీశాను. తీరా చూస్తే ఆరు ప్రశ్నలు. గడిచిన వారంలో అలసట ఎంత? మెడ, వీపు, నడుం నొప్పి ఎంత? మిగతా కీళ్ల నొప్పీ వాపూ ఎంత? ముట్టుకుంటే నొప్పెట్టే చోట్ల బాధ ఎంత? పొద్దున లేచేసరికి ఒళ్లు ఎంత బిగుసుకుపోతోంది? ఆ బిగుతు ఎంతసేపు ఉంటోంది? ఒక్కోదానికి 0 నుంచి 10 లోపు గుర్తు పెట్టాలి. చివరి రెండింటి సగటు తీసి, మిగతా నాలుగింటికి కలిపి, 5తో భాగించాలి. 4 గానీ, అంతకు మించి గానీ వస్తే జబ్బు రేగి ఉన్నట్టు లెక్క. నాకు 7.1 వచ్చింది.

బాత్ అంటే స్నానం కాదు, ఇంగ్లండ్‌లో మేముండే బ్రిస్టల్ నుంచి రైల్లో పావుగంట కూడా పట్టని ఊరి పేరు అని ఇంటికొచ్చాక మా ఆయన చెప్పారు. ఆ ఊరి కీళ్లవాతం ఆస్పత్రి డాక్టర్లు 1994లో తయారుచేసిన కొలత అది. నా జబ్బు పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, వెన్ను కీళ్లు వాచే జబ్బు. ఈ జబ్బున్నవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నా, టోక్యోలో ఉన్నా ఆ కాగితమే నింపుతారు. కీళ్లవాతం డాక్టర్లు పనిగట్టుకుని ఆ చిన్న ఊళ్లో ఎందుకు చేరారంటే, అక్కడ నేలలోంచి వేడినీళ్లు వస్తాయి కాబట్టి. ఇది నాకు తర్వాత తెలిసింది.

నొప్పి మొదలైంది బాబు పుట్టాక. హైదరాబాద్‌లో ఉండేవాళ్లం అప్పుడు. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చేది. బాబు ఏడుపుకి కాదు, నడుం నొప్పికి. ఒక వారం కుడి పిరుదు లోపల, ఇంకో వారం ఎడమవైపు. పక్కకి తిరగాలంటే మంచం పట్టె పట్టుకుని తిరిగేదాన్ని. "బాలింత ఒళ్లు, పచ్చి నడుం, అలాగే ఉంటుంది" అని అమ్మ నడికట్టు బిగించి కట్టేది. "మేమంతా కనలేదా తల్లీ" అని మా అత్తగారు. ఆవిడ కోపంగా ఏమీ అనలేదు, పాపం, నిజంగానే అర్థం కాక అన్నారు. ఎముకల డాక్టరు ఒకాయన ఎక్స్‌రే చూసి, అంతా బాగుంది, బరువులెత్తకుండా పడుకోండి అన్నారు. ఇంకొకాయన డిస్కు జరిగిందన్నారు. ఆయనా పడుకోమనే అన్నారు. పడుకున్నకొద్దీ ఎక్కువయ్యేది. లేచి అంట్లు తోముకుంటూ అటూ ఇటూ తిరిగితే పది గంటలకి కాస్త సర్దుకునేది. ఆ సంగతి చెబితే ఎవరూ పట్టించుకోలేదు. పని చేస్తే తగ్గే నొప్పి, పని ఎగ్గొట్టడానికి ఆడే నాటకం కాదని అయినా తోచాల్సింది కదా.

ఐదేళ్లు అలా గడిచాయి. మా ఆయన ఉద్యోగం కోసం బ్రిస్టల్ వచ్చాం. ఒకరోజు కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక కంటి డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ నా కంట్లోకి లైటు వేసి చూస్తూ "మీకు నడుం నొప్పి ఉందా?" అని అడిగింది. కన్నుకీ నడుముకీ ఏమిటి సంబంధం? ఉందట, ఒకే జబ్బు రెండుచోట్లా రేగుతుందట. ఆ గదిలోనే నాకు ఏడుపొచ్చింది. కంటి మంట వల్ల అనుకుని ఆవిడ చుక్కలు వేసింది.

తర్వాత రక్తపరీక్షలో ఈ జబ్బున్నవాళ్లలో ఎక్కువగా కనపడే హెచ్‌ఎల్‌ఏ బి27 అనే జన్యువు ఉందని తేలింది. వెన్ను అడుగున తుంటి ఎముకతో కలిసే కీళ్లు రెండువైపులా వాచి ఉన్నాయని ఎంఆర్‌ఐలో కనపడింది. ఒంటిని కాపాడాల్సిన కాపలావాడే పొరబడి సొంత కీళ్ల మీద పడతాడు. వాపు ఏళ్ల తరబడి ఉంటే పూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి వెన్ను వెదురు బొంగులా గట్టిపడుతుంది. రెండు రకాల నొప్పి మాత్రలు వాడి చూశారు, సరిపోలేదు. స్కోరు తగ్గలేదు కాబట్టి ఆ కాపలావాణ్ణి అదుపు చేసే ఇంజెక్షన్‌కి అర్హత వచ్చిందన్నారు. అయితే ఆ మందు ఒంట్లో నిద్రపోయే క్షయని లేపగలదు, అందుకని ముందు ఆ పరీక్ష చేశారు. నాకు పాజిటివ్. దగ్గు లేదు, జ్వరం లేదు. మన దేశంలో పెరిగినవాళ్లలో ఇలా దాగి ఉండటం మామూలే అని చెప్పి మూడు నెలల మాత్రలు రాశారు. వాటితో మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే గుండె ఆగేది.

ఫోన్లో అమ్మకి చెబితే "వేడినీళ్ల ఊరు పక్కనే ఉందంటున్నావు, వెళ్లి మునగరాదూ?" అంది. మాది ఖమ్మం. భద్రాచలం వెళ్తే గుండాల దగ్గర గోదావరి ఇసుకలో చెలమ తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. చిన్నప్పుడు అమ్మమ్మ మోకాళ్ల మీద ఆ నీళ్లు పోసుకోవడం చూశాను. మందు మొదలయ్యేదాకా చేసేదేమీ లేదు. శనివారాలు బాత్ వెళ్లడం మొదలుపెట్టాను.

అక్కడ రోమన్ల గుండంలో నీళ్లు పచ్చగా, పైన ఆవిరితో ఉంటాయి. వేల ఏళ్ల కిందట కొండల మీద కురిసిన వాన నేలలోకి కొన్ని కిలోమీటర్ల లోతుకి ఇంకి, కాగి, బండల పగుళ్లలోంచి పైకొస్తుంది. 46 డిగ్రీల వేడి, రోజుకి 11 లక్షల లీటర్లకి పైగా. రోమన్లు దాని పక్కన సులిస్ మినర్వా దేవికి గుడి కట్టారు. గుండంలో నాణేలు వేశారు. వాటితో పాటు సీసం రేకుల మీద శాపనార్థాలు రాసి పడేశారు. అలాంటివి 130 దాకా దొరికాయి. ఒకాయన తన స్నానపు అంగీ, పైవస్త్రం ఎత్తుకుపోయినవాడికి నిద్ర లేకుండా చెయ్యి తల్లీ అని మొరపెట్టుకున్నాడు. అది చదివి నవ్వు ఆగలేదు. నవ్వితే పక్కటెముకలు పట్టేశాయి, అది వేరే సంగతి.

నన్ను కట్టిపడేసింది మాత్రం రోమన్లు కాదు, వాళ్ల తర్వాత ఎప్పటికో వచ్చిన నాలాంటి రోగులు. 1668 జూన్‌లో శామ్యూల్ పెప్స్ అనే నౌకాదళ అధికారి తెల్లవారుజామున నాలుగింటికే లేచి ఇక్కడ స్నానానికి వచ్చాడు. ఇంతమంది ఒకే నీళ్లలో మునగడం శుభ్రమైన పని కాదేమో అని తన డైరీలో రాసుకున్నాడు. రాసుకున్నాడు గానీ, రెండు గంటలకి పైగా ఆ నీళ్లలోనే కూర్చున్నాడు. తర్వాత దుప్పటి చుట్టి కుర్చీలో మోసుకొచ్చి మంచం మీద పడేస్తే గంటసేపు చెమటలు కక్కాడు. సిలియా ఫియెన్స్ అనే ఆవిడ అదే శతాబ్దంలో వచ్చింది. ఆడవాళ్లు బిరుసైన పసుపు పచ్చ కాన్వాసు గౌన్లు వేసుకుని దిగేవారని, నీళ్లు నిండి అవి ఒంటికి అంటకుండా ఉబ్బి నిలిచేవని రాసింది. నొప్పి ఉన్న చోట పంపుతో వేడినీళ్లు కొట్టించుకునేవారు. తలమీద కొట్టించుకునే ఆడవాళ్లకైతే నడినెత్తిన గుడ్డ తీసేసిన వెడల్పు అంచు టోపీ ఇచ్చేవారు, నీళ్లు మొహం మీద పడకుండా. పసిపిల్లలకి తలంటేటప్పుడు కళ్లలో పడకుండా మా అమ్మమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టేది. అదే కిటుకు.

డబ్బున్నవాళ్లకి ఇది తీర్థయాత్రా, తిరునాళ్లూ రెండూ. రాణి యాన్ 1702లో, మళ్లీ 1703లో వచ్చాక జనం ఎగబడ్డారు. పొద్దున స్నానం, తర్వాత పంప్ రూములో గ్లాసులు గ్లాసులు నీళ్లు తాగడం, సాయంత్రం పేకాట, డాన్సులు. లేనివాళ్ల కోసం 1738లో ఆస్పత్రి తలపెట్టి 1742లో తెరిచారు. నేను నింపిన కాగితం ఈ ఆస్పత్రిలో పుట్టిందే. అప్పటి పద్ధతి చదివితే నాకు వీసా ఆఫీసు గుర్తొచ్చింది. ముందు సొంతూరి డాక్టరు జబ్బు వివరంగా ఉత్తరం రాయాలి. పిలుపు వచ్చాకే బయల్దేరాలి. వచ్చేటప్పుడు కొంత సొమ్ము డిపాజిట్ కట్టాలి, బాగైతే ఇంటికి వెళ్లే దారి ఖర్చుకి, పోతే పూడ్చే ఖర్చుకి. లోపలికొచ్చాక ఇత్తడి బిళ్ల పెట్టుకుని తిరగాలి, సారాకొట్టువాడు చూసి మందు పోయకుండా. తమాషా ఏమిటంటే, మొదట్లో బాత్ ఊరివాళ్లకి మాత్రం చేరిక లేదు.

ఆ ఆస్పత్రి డాక్టరు విలియం ఆలివర్, సర్జన్ పియర్స్ రోగుల్ని చూస్తున్నట్టు 1761లో విలియం హోర్ వేసిన బొమ్మ ఒకటుంది. పక్షవాతం ఒకరికి, కీళ్లవాతం ఒకరికి, చర్మరోగం ఒకరికి. దాని నకలు ముందు చాలాసేపు నిలబడ్డాను. నిలబడితేనే నాకు సుఖం కూడా. ఆ రోజుల్లో నా జబ్బుకి విడిగా పేరు లేదు. నేను వెళ్లుంటే నన్నూ కీళ్లవాతం వరుసలో కూర్చోబెట్టేవారు. ఈ ఆలివరే చప్పిడి బిస్కెట్టు ఒకటి కనిపెట్టాడంటారు. కొని తిన్నాను. పథ్యం అంటే పథ్యమే.

మరి నీళ్లతో బాగయ్యేదా? కొందరికి నిజంగానే బాగయ్యేది. పక్షవాతం అని వచ్చినవాళ్లలో చాలామందికి అసలు జబ్బు సీసం విషం. రంగులు వేసేవాళ్లు, సీసం పని చేసేవాళ్లు, సీసం కలిసిన సైడర్ అనే ఆపిల్ సారా తాగినవాళ్లు. మెడదాకా నీళ్లలో కూర్చుంటే కాళ్లలోని రక్తం ఛాతీ వైపు జరుగుతుంది, ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని మూత్రపిండాలు ఎక్కువ బయటికి పంపుతాయి, దాంతో పాటు సీసమూ పోతుంది. మన కాలంలో పరిశోధకులు మనుషుల్ని అలా కూర్చోబెట్టి కొలిచి చూశారు. పైగా నెలల తరబడి ఆస్పత్రిలో ఉంటే సీసం పనీ లేదు, తాగుడూ లేదు. అంటే పని చేసింది ఆ నీళ్లలోని ఖనిజాలు కాదు, ఏ చెరువులో కూర్చోబెట్టినా దిగేదేనేమో. కానీ పేదవాణ్ణి నెలల పాటు పని మాన్పించి, తిండి పెట్టి ఏ చెరువు గట్టున కూర్చోబెడతారు?

నాకు అసూయ కలిగింది ఆ నెలల మీదే. నా దగ్గర ఉన్నవి ఆరు బుధవారాలు, ఒక్కోటి అరగంట.

అవును, నాకూ నీళ్ల వైద్యం రాశారు. అయితే ఆ గుండంలో కాదు. 1978లో అక్కడి నీళ్లలో ఈదిన ఒక అమ్మాయి అందులోని అమీబా మెదడుకి సోకి చనిపోయింది. స్నానాలు ఆపేశారు. కొత్త బోరు వేసి, కొత్త స్నానశాల కట్టి 2006లో తెరిచారు, అది రోగులకి కాదు, టికెట్ కొన్నవాళ్లకి. రోమన్ గుండంలో ఇప్పటికీ చెయ్యి పెట్టొద్దని బోర్డు ఉంటుంది. నా నీళ్లు ఆస్పత్రి కింది అంతస్తులో, క్లోరిన్ వాసన కొట్టే చిన్న కొలను. 34 డిగ్రీలు. మొదటి రోజు టైట్స్, పైన పొడుగు చొక్కా వేసుకుని, మెట్లు పట్టుకుని దిగాను. సిలియా గారి కాన్వాసు గౌను గుర్తొచ్చి ధైర్యం వచ్చింది. నాతో ఉన్న నలుగురూ మగవాళ్లే, ఒకాయన మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి నాకు గుడ్ మార్నింగ్ చెప్పాడు. నీళ్లు ఛాతీ దాకా వచ్చేసరికి నా బరువు నాది కాకుండా పోయింది. మోకాలు పైకెత్తమంటే ఎత్తాను. నడుం తిప్పమంటే తిప్పాను. ఐదేళ్లలో మొదటిసారి, చప్పుడు చెయ్యకుండా తిరిగింది. బయటికి రాగానే బరువు మళ్లీ వచ్చి భుజాన కూర్చుంది, కానీ తిరగగలదని తెలిసిపోయింది కదా. ఆ కసరత్తులే ఇంట్లో చాప మీద చేశాను, ఇప్పటికీ చేస్తున్నాను.

ఇంజెక్షన్ మొదలయ్యాక సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. రెండు వారాలకొకసారి, పెన్ను లాంటిది, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఉంటుంది, తొడకి పొడుచుకోవాలి. మూడో డోసు తర్వాత ఒక పొద్దున మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ ఉంది. టైము ఏడున్నర. భయమేసింది, బాబు స్కూలు బస్సు పోయిందని. నేను రాత్రంతా పడుకున్నానని తట్టడానికి ఇంకాస్త సేపు పట్టింది.

వేసవిలో అమ్మ వచ్చింది. బాత్ తీసుకెళ్లాను. రాజుగారి గుండం గోడకి ఇత్తడి కడియాలుంటాయి, మునిగేవాళ్లు పట్టుకోవడానికి. నయమైనవాళ్లు మొక్కు తీర్చుకున్నట్టు చేయించి ఇచ్చారు, కొన్నిటి మీద పేర్లు కూడా చెక్కి ఉన్నాయి. అమ్మ దూరం నుంచే ఆవిరికి దండం పెట్టుకుంది. శుద్ధి చేసిన నీళ్లు గ్లాసులో ఇస్తే ఒక గుక్క తాగాను. గోరువెచ్చగా, తుప్పు పట్టిన ఇనప బిందెలో నిలవ ఉంచిన బోరు నీళ్ల రుచి. అమ్మ మొహం చిట్లించకుండా గ్లాసు ఖాళీ చేసి, "సీసాలో పట్టనిస్తారా?" అని అడిగింది. నాకు తగ్గింది ఇంజెక్షన్‌తో అని ఎన్నిసార్లు చెప్పినా వింటుందే గానీ, ఒప్పుకోదు. ఆ కొలను కూడా నీళ్లే కదా అంటుంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

పోయిన నెల మళ్లీ కాగితం నింపాను. 1.7. నొప్పి 2, కీళ్లు 1, ముట్టుకుంటే బాధ 1, బిగుతు 2, అది ఉండే సేపు 1. అలసట మాత్రం 3 దగ్గరే ఆగింది. అది జబ్బు వల్లనా, రాత్రి పదకొండుకి డైనోసార్ల గురించి ప్రశ్నలు వేసే మావాడి వల్లనా అని నర్సు అడిగింది. దానికి కాగితం మీద గీత లేదు.