రెండు రేవుల మధ్య

నరసాపురం స్టేషన్ బయట కారు మాట్లాడుకుంటున్నప్పుడే డ్రైవరు కుర్రాడు చెప్పాడు. "చించినాడ వంతెన మీంచి వెళ్లిపోదామండి. పంటైతే ఎప్పుడొస్తదో, ఎప్పుడు కదులుతదో చెప్పలేమండి." అక్క వినలేదు. "మాధవాయిపాలెం రేవుకే పోనియ్యి బాబూ, మాకేం తొందర్లేదు" అంది.

అక్కకి డెబ్బై రెండు. మోకాళ్లు అరిగిపోయాయి, ఎండలు ముదిరేలోపు ఆపరేషన్ చేయించుకోమన్నారు డాక్టర్లు. ఈలోగా అంతర్వేది స్వామిని చూడాలి, పుట్టిన ఊరు చూడాలి, కోనసీమని ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒక్కసారి తిరిగి రావాలి అని పట్టుబట్టింది. నేనూ రిటైరై ఇంట్లోనే ఉన్నాను. భీష్మ ఏకాదశి తీర్థం జనం పలచబడ్డాక, మాఘమాసం చివర్లో బయల్దేరాం. గోదారి పాయ వశిష్ఠ దాటి కోనసీమలో అడుగుపెట్టాలి, ఇంకో పాయ గౌతమి దాటి బయటపడాలి. రెండు చోట్లా పంటు మీదే దాటాలి. ఇది అక్క పెట్టిన షరతు.

రేవుకి చేరేసరికి మంచు ఇంకా విడలేదు. పంటు అవతల సఖినేటిపల్లి ఒడ్డున ఉంది. ఈ వైపు ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను: రెండు పడవల్ని పక్కపక్కన జతచేసి, మీద బల్లలు పరిచి, ఇంజను బిగిస్తే పంటు. మనుషులు, మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు, మేకలు, అరటిగెలలు అన్నీ దాని మీదే ఏరు దాటతాయి. బండ్లు సరిపడా చేరితేగాని కదలదు.

చిన్నప్పుడు ఈ రేవంటే నాకు పండగ. ఈ కాలంలో తేగలు, వేసవిలో ముంజలు అమ్మేవాళ్లు. పంటు కోసం గంటలకొద్దీ చూడాల్సి వచ్చేది, ఆ గంటలన్నీ మాటలే. మీదే ఊరు, ఎవరి తాలూకు, ఏ పని మీద వెళ్తున్నారు అని అడగని మనిషి ఉండేవాడు కాదు. అవతలి ఒడ్డుకి చేరేలోపు పెళ్లిసంబంధాలు కుదిరేవి, చేల బేరాలు తెగేవి. ఇన్నేళ్లూ హైదరాబాదులో ఎవరడిగినా కోనసీమ గురించి నేను చెప్పింది ఆ రేవు కబుర్లే.

టీకొట్టు ఆవిడ అక్క నడక చూసి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. "కూకోండి మామ్మగారూ, ఇంకా టైముంది." అక్క కూర్చోలేదు. కర్ర మీద బరువు మోపి నిలబడే ఉంది. నేను గట్టిగా చెబితే అంది: "అమ్మ ఈ రేవులో కూర్చోగా ఎప్పుడైనా చూశావురా?"

చూడలేదు. అది నాకు బాగా గుర్తు. పంటు ఎంత ఆలస్యమైనా అమ్మ నిలబడే ఉండేది. రాగానే వంగి దోసెడు నీళ్లు తీసుకుని నెత్తిన జల్లుకుని అప్పుడు ఎక్కేది. గోదారమ్మ మీద భక్తి అనుకునేవాణ్ణి. కూర్చోకపోవడం చీరకి మట్టి అంటుతుందనేమో అనుకునేవాణ్ణి.

అక్క చెప్పడం మొదలుపెట్టింది. నాకు అప్పుడు మూడేళ్లట, తనకి పదకొండు. శ్రావణమాసం, ఏరు పొంగి ఉంది. అమ్మకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. మంత్రసాని తన వల్ల కాదంది, నరసాపురం ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. ఎడ్లబండిలో గడ్డి పరిచి అమ్మని పడుకోబెట్టి సఖినేటిపల్లి రేవుకి తెచ్చేసరికి రాత్రి రెండో జాము. వరదలో పడవ వెయ్యం అన్నారు పడవవాళ్లు. నాన్న గట్టు వెంబడి ఆ చివర నుంచి ఈ చివర దాకా పరిగెత్తాడట, కనపడిన ప్రతి పడవవాడి కాళ్లూ పట్టుకున్నాడట. వాళ్లూ ఏడ్చారు గానీ పడవ వెయ్యలేదు. తెల్లవారుజామున బండిలోనే మగపిల్లాడు పుట్టాడు. ఏడవలేదు. అమ్మ బతికింది.

"లాంతరు నేనే పట్టుకున్నాను" అంది అక్క. "పిల్లాణ్ణి అక్కడే ఒడ్డున పెట్టారు. ఏ చోటో నాన్నకి తెలుసు, అమ్మకి చెప్పలేదు. అందుకే ఆవిడ ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఎక్కడా కూర్చోలేదు."

అరవై దాటేదాకా ఈ మాట నాకెవరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వు రేవంటే సంబరపడేవాడివి, అమ్మ చెప్పొద్దంది" అంది అక్క.

పంటు వచ్చింది. కారు ఎక్కించడానికి డ్రైవరు తంటాలు పడుతుంటే నేను అక్క చెయ్యి పట్టుకుని బల్ల మీదికి నడిపించాను. మా పక్కన ఇరవయ్యేళ్ల అమ్మాయి ఫోను చేతిలో పెట్టుకుని నీళ్ల వైపు తిప్పింది. ఫోనులోంచి ఒక ఆడగొంతు: "ఇంకాస్త కిందికి పెట్టవే, నీళ్లు కనపడాలి." వాళ్లమ్మ మస్కట్‌లో ఎవరింట్లోనో పని చేస్తోందట, వెళ్లి చాలా ఏళ్లయిందట. ఏరు దాటినప్పుడల్లా చూపించమంటుందట. పంటు మీద ఉన్నవాళ్లలో సగంమంది ఫోన్లలోనే ఉన్నారు, ఒకరినొకరు పలకరించుకోవడం తక్కువే. అది చూసి నిట్టూర్చే వయసు నాది. కానీ ఆ తల్లి మస్కట్‌లో కూర్చుని ఏరు దాటుతున్నది ఆ ఫోనులోనే కదా.

అంతర్వేదిలో జనం లేరు. దర్శనం నిదానంగా అయింది. మా చిన్నప్పుడు తాడు పట్టుకుని లాగిన రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. ఇప్పుడున్నది 2021లో చేయించిన కొత్త రథం. అక్క రథశాల ముందు నిలబడి, "ఇది మనం ఎరిగిన రథం కాదురా" అంటూనే చెంపలేసుకుని దణ్ణం పెట్టింది. వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా ఇసకలో తను నడవలేదు. దూరం నుంచే చూశాం. "అన్నాచెల్లెళ్లకైతే గట్టుంది, అక్కాతమ్ముళ్లకి లేదే" అంది. ఏటినీళ్లు ఒక రంగు, సముద్రం ఒక రంగు, మధ్యన గీత స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

మా ఊరు రాజోలు అవతల. మా ఇల్లు అమ్మేసి చాలాకాలమైంది. ఆ స్థలంలో ఇప్పుడు రెండంతస్తుల డాబా ఉంది, గేటుకి తాళం ఉంది. కొనుక్కున్నవాళ్లమ్మాయి కువైట్‌లో సంపాదించి కట్టించిందట. మా తాతల నాటి పెంకుటింటి కంటే అది మంచి ఇల్లు. ఆ అమ్మాయి అందులో ఎన్ని రాత్రులు పడుకుందో మరి.

పక్కింట్లో పెదనాన్నగారి కోడలు, మా వదిన, ఒక్కతే ఉంటోంది. పిల్లలు బెంగళూరులో ఒకరు, డల్లాస్‌లో ఒకరు. వాకిట్లో సీసీ కెమెరా ఉంది, డల్లాస్ అబ్బాయి అక్కణ్ణుంచి చూస్తాడు. మమ్మల్ని గుర్తుపట్టగానే వదిన ముందు కెమెరా వైపు తిరిగి, "ఒరే, మీ బాబాయి, అత్తయ్య వచ్చారు" అని చెప్పి, ఆ తర్వాతే మమ్మల్ని లోపలికి రమ్మంది.

వదినకి కబుర్లు చెప్పేవాళ్లు కరువయ్యారు గానీ కబుర్లు కరువవలేదు. కొబ్బరి దింపుకి మనిషి దొరకడం లేదట. దింపు కుర్రాళ్లు గల్ఫు వెళ్లిపోయారు, మిగిలినవాడికి యాభై దాటాయి, వాడికి పిక్కలు పట్టేస్తే తోటలో కాయ చెట్టునే ఉంటోంది. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి పేలి 65 రోజులు మండిన సంగతి, ఆ వెలుగుకి రాత్రి కాకులు అరిచిన సంగతి చెప్పింది. 1996 నవంబరు 6 తుపాను అయితే నేనూ మరిచిపోలేదు. వెయ్యిమందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే తోటలకి తోటలు ఒకే దిక్కుకి పడి ఉన్నాయి. "ఇక ఈ ఊళ్లో కొబ్బరినీళ్లు తాగం అనుకున్నానయ్యా" అంది వదిన. అప్పుడు నాటిన మొక్కల కాయే మాకు కొట్టి ఇచ్చింది. ఆ చెట్లిప్పుడు నిండు కాపులో ఉన్నాయి. తలెత్తితే గాని గెల కనపడదు.

వెనకటికి ఈ వీధిలో ప్రతి అరుగు మీదా ఆడవాళ్లు లేసు అల్లేవారు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. వదిన ఇంకా అల్లుతుందా అని అడిగితే చూపు ఆనడం లేదని చెప్పి, బిస్కెట్ల డబ్బాలోంచి సూది, దారపుండ తెచ్చి అక్క ఒళ్లో పెట్టింది. అక్క కళ్లజోడు తియ్యలేదు, పెట్టుకోలేదు, అసలు కిందికే చూడలేదు. నాతో మాట్లాడుతూనే దారం చూపుడువేలికి చుట్టి, సూది ముక్కుతో లాగి ముడి, ముడిలోంచి ఇంకో ముడి తీస్తూ జానెడు గొలుసు అల్లేసింది. పెళ్లయి వెళ్లాక తను సూది పట్టగా నేను చూడలేదు. కీళ్ల దగ్గర వాచిన ఆ వేళ్లకి ఇంకేదీ తేలిగ్గా అవదు, సీసా మూత కూడా నేనే తియ్యాలి. వదిన ఆ గొలుసు వేలికి చుట్టుకుని చూసి, "నీది ఎప్పుడూ బిగువే" అంది.

రాత్రి అక్కడే పడుకున్నాం. పొద్దున్నే అంబాజీపేటలో పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు తిని పి.గన్నవరం వెళ్లాం. గోదారి మరో పాయ వైనతేయ మీద కాటన్ దొర కాలంలో కట్టిన అక్విడెక్టు పక్కనే కొత్తది ఉంది. కింద ఏరు, పైన కాలవ. కొత్త అక్విడెక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకలగన్నవరంలో ఆవిడ ఇంటికి వేళ కాని వేళ ఏరు దాటి వచ్చిన బాటసారులకి, కులం, గోత్రం అడక్కుండా అన్నం పెట్టిన తల్లి. 1909లో కన్నుమూశారు. ఇప్పుడు ఆంధ్రా సర్కారు బళ్లలో పిల్లలకి పెట్టే మధ్యాహ్న భోజనం కూడా ఆవిడ పేరు మీదే.

గట్టు మీద నిలబడి ఆ తల్లి గురించే ఆలోచించాను. కోనసీమవాళ్లు అతిథి మర్యాదకి పేరు పడ్డారంటారు. నిజమే. ఆఖరి పంటు తప్పిపోయినవాణ్ణి ఎవరో ఒకరు అరుగు మీద పడుకోబెట్టేవారు, మర్నాడు చద్దన్నం పెట్టి పంపేవారు. ఎల్లుండి తమకీ ఆ గతే పట్టొచ్చని ప్రతివాడికీ తెలుసు. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన 2002లో వచ్చింది, బోడసకుర్రు వంతెన ఆ తర్వాత వచ్చింది. ఇప్పుడు రాత్రి ఏ వేళకైనా కాకినాడ చేరొచ్చు. చిక్కుకుపోయేవాడు లేడు గనక ఆదుకునే అరుగూ లేదు. మనుషుల్లో మంచి తగ్గిందని మా వయసువాళ్లు తరచూ అంటారు, నేనూ అన్నాను. రేవుకి దూరంగా బతికినవాళ్లకే రేవు మీద బెంగ. అది మా నాన్నకి ఉండి ఉంటుందని నేననుకోను.

అమలాపురంలో భోజనం చేసి ముక్తేశ్వరం రేవుకి వచ్చాం. కోటిపల్లి వైపు గౌతమిలో రైలు వంతెన స్తంభాలు వరసగా లేచి ఉన్నాయి. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా రైలు మార్గానికి పునాదిరాయి పడి పాతికేళ్లవుతోంది. పంటు నడిపే ఆయన్ని అడిగాను, రైలు, రోడ్డు వంతెనలు వచ్చేస్తే మీ పనేంటని. ఆయన నా వయసువాడే. "రావాలండి. ఆయ్, నా కంట చూడాలి. పంటు పోతే పోనీండి, మా వోళ్లు ఎవడూ దీన్ని నడపడానికి రారండి" అన్నాడు.

పంటు మీద ఒక గర్భిణి ఉంది, పక్కన వాళ్లమ్మ. ఏడో నెలట, పుట్టింటికి రామచంద్రపురం వెళ్తున్నారు. అక్క ఆమె పక్కన బల్ల మీద కూర్చుంది. నేను గమనించాను, కూర్చుంది. ఎన్నో కాన్పు, కాళ్లకి నీరు వస్తోందా, రక్తం ఎంతుంది అన్నీ అడిగింది. ఆ తల్లీకూతుళ్లు విసుక్కోకుండా చెప్పారు. ఒడ్డు దగ్గరపడుతుంటే అక్క ఆ అమ్మాయి మోచెయ్యి పట్టుకుంది.

"మళ్లీ మీ అత్తారింటికి వచ్చాక ఎప్పుడు ఏ నొప్పి వచ్చినా ఈ రేవుకి మాత్రం రాకమ్మా. చుట్టూ తిరిగైనా వంతెన మీంచే వెళ్లు."

"రేవుకెందుకొస్తాం మామ్మగారూ, 108కి ఫోన్ చేస్తే వచ్చేస్తది" అంది ఆ అమ్మాయి.

"ఇంటి దగ్గరికే వస్తుందా?"

"మా వీధిలోకే వచ్చేస్తదండి. మొన్న మా తోటికోడలికి వచ్చింది."

"రాత్రయినా వస్తుందా?"

"రాత్రే వచ్చిందండి."

"వరదలప్పుడు కూడానా?" అని అడుగుతోంది అక్క. డ్రైవరు కారు స్టార్ట్ చేశాడు.