కర్నూలు బండికి హీటర్: ఇంజిన్ వేడిని వెనక క్యాబిన్‌కు తెచ్చిన నా అనుభవం

మా అమ్మకు బదరీనాథుడిని చూడాలని ఎన్నో ఏళ్లుగా కోరిక. మోకాళ్ల నొప్పుల మనిషి. బస్సులు మారడం, లాడ్జీల మెట్లెక్కడం ఆమె వల్ల కాదు. అందుకే పాత ట్రావెలర్ వ్యాను కొని, లోపల పడక, చిన్న వంటగట్టు పెట్టించి క్యాంపర్‌గా మార్చుకున్నాం. అందులో ఏసీ ఉంది, హీటర్ లేదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే కర్నూలులో హీటర్ గురించి ఎవరూ అడగరు. కానీ మా ఊరి మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకొని ఉత్తరానికి పోయి, రిషికేశ్ నుంచి కొండెక్కితే, సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉన్న బదరీనాథ్‌లో అక్టోబరు చలి ఎముకలు కొరుకుతుంది. ఆ చలిలో అమ్మ మోకాళ్లు ఏమవుతాయోనన్నదే నా బెంగ.

ఇలాంటి బండికి వేడి ఇవ్వడానికి రెండు దారులున్నాయి. వెబాస్టో, ఎబర్‌స్పాచర్ వంటి జర్మన్ కంపెనీలు డీజిల్‌తో నడిచే చిన్న హీటర్లు చేస్తాయి. వాటిలో కొన్ని గాలిని, కొన్ని ఇంజిన్ కూలెంట్‌ను, అంటే ఇంజిన్‌ను చల్లబరచడానికి అందులో తిరిగే ద్రవాన్ని, వేడి చేస్తాయి. ఇంజిన్ ఆపేసినా పనిచేయడం వాటి గొప్ప. అయితే వాటిలో మంట ఉంటుంది, పొగగొట్టం ఉంటుంది. ఎత్తైన చోట గాలి పలచబడితే డీజిల్ సరిగా కాలక మసి పట్టే ఇబ్బందీ ఉంది. రెండో దారి, ఇంజిన్‌లో ఇప్పటికే కాగుతున్న కూలెంట్‌ను గొట్టాలతో వెనక్కి తెచ్చి, చిన్న రేడియేటర్ గుండా తిప్పి, దాని మీదుగా ఫ్యాను గాలి కొట్టించడం. డీజిల్ శక్తిలో సగానికి పైగా రేడియేటర్ నుంచీ పొగగొట్టం నుంచీ వృథాగా పోయేదే. అందులో కొంత మనం వాడుకుంటాం, అంతే. అమ్మ పడుకునే చోట కొత్తగా మంట పెట్టనక్కరలేదు, దాని నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుందేమోనన్న భయం లేదు. నేను రెండోదే ఎంచుకున్నాను. ఇంజిన్ ఆగితే వేడీ ఆగుతుందని తెలిసే ఎంచుకున్నాను.

బళ్ళారి చౌరస్తా దగ్గర షెడ్డు నడిపే మెకానిక్ భాయ్‌కి విషయం చెబితే కాసేపు నా ముఖం వంక చూశాడు. "అన్నా, ఇంజిన్ వేడిని బయటికి పంపడానికే ఇన్నేళ్లు ఒళ్లు అరగదీసుకున్నాను. మీరేమో లోపలికి తెమ్మంటున్నారు" అన్నాడు. కానీ పని విన్నాక అతనికీ పట్టుదల వచ్చింది. ఇంజిన్ కింద దూరి, హెడ్డు (ఇంజిన్ పైభాగం) మీద హీటర్ కోసం కంపెనీవాళ్లు వదిలిన రంధ్రానికి మూత బిగించి ఉన్న సంగతి అతనే కనిపెట్టాడు. ఆ మూత దొరకడంతో సగం పని తేలికైపోయింది.

ఎందుకంటే ఆ రంధ్రం థర్మోస్టాట్‌కు, అంటే ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వుకు, ముందు ఉంటుంది. థర్మోస్టాట్ మూసుకొని ఉన్నంతసేపు కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లదు, ఇంజిన్‌లోనే తిరుగుతుంది. హీటర్ గొట్టాన్ని హెడ్డు నుంచి తీసి, తిరుగు గొట్టాన్ని వాటర్ పంపు పీల్చుకునే వైపు కలిపితే, థర్మోస్టాట్ తెరుచుకున్నా మూసుకున్నా మనకు వేడి నీళ్లు అందుతూనే ఉంటాయి. రేడియేటర్ పెద్ద గొట్టాలను కోయనక్కరలేదు. ఆ గొట్టాలకే ముడిపెట్టమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. మా ఎండల్లో రేడియేటర్ దారిని ఇరుకు చేసే పని నాకు ససేమిరా ఇష్టం లేదు.

హీటర్ పెట్టెను ఢిల్లీ కాశ్మీరీ గేట్ స్పేర్ పార్టుల మార్కెట్ నుంచి పార్సిల్‌లో తెప్పించాను. రాగి గొట్టాల కోర్ (ఆ చిన్న రేడియేటర్ ఇదే), రెండు వేగాల 12 వోల్టుల ఫ్యాను. బండికి బిగించే ముందే రేడియేటర్ పనివాళ్ల దగ్గర ఒక మూతి మూసి, రెండో మూతి నుంచి గాలి ఎక్కించి, నీళ్ల తొట్టిలో ముంచి చూపించమన్నాను. బుడగ రాలేదు. పడక కింద బిగించాక కారితే పలకలన్నీ ఊడదీయాలి కాబట్టి ఈ పరీక్ష మాత్రం ఎవరూ వదలకండి.

గొట్టాల దగ్గర పిసినారితనం పనికిరాదు. మామూలు నీళ్ల పైపు 90 డిగ్రీల వేడికి మెత్తబడి నొక్కుకుపోతుంది. కూలెంట్ కోసమే చేసిన 16 మిల్లీమీటర్ల రబ్బరు హోసు తీసుకున్నాం. పొగగొట్టానికీ, చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టుకూ దూరంగా ఛాసిస్ పక్కన నడిపి, ఏసీ పైపులకు తొడిగే నల్ల స్పాంజి గొట్టం తొడిగాం. తొడుగు లేకపోతే వేడిలో కొంత దారిలోనే గాలిపాలవుతుంది. ఇంజిన్ దగ్గర రెండు గొట్టాలకూ చెరో ఇత్తడి బాల్ వాల్వు పెట్టించాను. వేసవిలో రెండూ మూసేస్తే వెనక హీటర్ లేనట్టే. దారిలో గొట్టం తెగినా వాల్వులు మూసి, కూలెంట్ నింపుకొని బండి నడుపుకోవచ్చు.

కూలెంట్ విషయంలో భాయ్‌తో గట్టిగా వాదించాల్సి వచ్చింది. ఇక్కడ చాలా బండ్లలో పోసేది బోరు నీళ్లే. ఆ బండ్లు నీళ్లు గడ్డకట్టే చోటికి ఎన్నడూ పోవు కాబట్టి సరిపోతుందనుకుంటారు, లోపల ఉప్పు పేరుకుపోతున్నా. కొండ మీద గడ్డకడితే నీళ్లు వ్యాకోచించి ఇంజిన్ బ్లాకునే పగలగొడతాయి. పాతదంతా తీసి, లోపల కడిగి, ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోశాం. ఆ పాళ్లలో కలిపితే మైనస్ 35 డిగ్రీల దాకా గడ్డకట్టదు. తీసిన ద్రవాన్ని నేల మీద పోయనివ్వలేదు. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. షెడ్డు చుట్టూ తిరిగే కుక్కలు నాకితే చచ్చిపోతాయి.

అంతా బిగించి ఇంజిన్ నడిపితే వెనక నుంచి చల్లగాలే వచ్చింది. ఎయిర్ లాక్, అంటే గొట్టాల్లో గాలి చిక్కుకొని కూలెంట్‌ను కదలనివ్వడం లేదు. ఇంజిన్ వైపు గొట్టం కాలిపోతోంది, హీటర్ వైపు చల్లగా ఉంది, లోపల గుడగుడ శబ్దం. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగాం. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే కూలెంట్ ముఖాన చిమ్ముతుంది. తర్వాత పక్క గోడౌన్ ర్యాంపు మీద బండి ముక్కు పైకి ఉండేలా నిలిపాం. కూలెంట్ పోసే మూతి అన్నిటికంటే ఎత్తులో ఉండాలి. వాల్వులు తెరిచి, మూత తీసి, చల్లటి ఇంజిన్‌ను నడుపుతూ, మట్టం దిగినప్పుడల్లా పోస్తూ, హీటర్ మీద గాలి వదలడానికి ఉన్న మరను కొద్దికొద్దిగా విప్పాం. బుస్సుమంటూ గాలి, తర్వాత నురగ, చివరికి సన్నటి ధార. అప్పుడు తిరుగు గొట్టం కూడా వేడెక్కింది. ఫ్యాను ముందు పెట్టిన థర్మామీటర్ 60 డిగ్రీలు దాటగానే భాయ్ చప్పట్లు కొట్టాడు. షెడ్డులో అప్పటికే ఉన్న ఉక్కలో ఆ గాలి భరించలేక అందరం బయటికి వచ్చేశాం.

మర్నాడు గొట్టాలను బిగించిన క్లిప్పుల దగ్గర కొంచెం చెమ్మ కనిపించింది. వేడికి రబ్బరు కుదురుకుంటుంది కాబట్టి మళ్లీ బిగించాలి. ఫ్యాను కరెంటు పని తేలిక: రిలే (చిన్న స్విచ్చుతో పెద్ద కరెంటును నడిపేది), 15 ఆంపియర్ల ఫ్యూజు, వెనక ఒక స్విచ్చు. అసలు పరీక్ష నల్లమలలో. ఎండాకాలం మధ్యాహ్నం ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కించాం, వాల్వులు మూసి. టెంపరేచర్ ముల్లు ఎప్పటి చోటే నిలబడింది. అది చూశాకే యాత్రకు తేదీ పెట్టుకున్నాం.

జోషీమఠ్ నుంచి పైకి ఎక్కుతున్నప్పుడు అమ్మ శాలువా తీసి పక్కన పెట్టింది. ఎక్కుడులో ఇంజిన్ కష్టపడుతుంది కాబట్టి వేడికి కొదవ లేదు. దిగుడులోనూ, ఊరికే నిలబెట్టి నడిపినప్పుడూ డీజిల్ ఇంజిన్ పెద్దగా వేడెక్కదు, గాలి గోరువెచ్చగా దిగిపోతుంది. రాత్రి ఇంజిన్ నడుపుతూ మాత్రం పడుకోలేదు. పొగ లోపలికి చేరితే ప్రాణాలకే ముప్పు. పడుకునే ముందు క్యాబిన్ వెచ్చబరిచి, అద్దాలకు మందపాటి తెరలు వేసి, ఇంటి నుంచి తెచ్చిన బొంతలు కప్పుకున్నాం. అమ్మకు మోకాళ్ల దగ్గర వేడినీళ్ల సంచి. పొద్దున ఆమె గుడి దగ్గరి వేడినీటి గుండమైన తప్తకుండం దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచింది.

ఇప్పుడు వాల్వులు మూసే ఉన్నాయి. తిరుగు గొట్టంలో 12 వోల్టుల చిన్న పంపు ఒకటి పెట్టాలనుకుంటున్నాం. ఇంజిన్ ఆపాక కూడా అందులో మిగిలిన వేడి కాసేపు లోపలికి వస్తుంది. భాయ్ ఇప్పటికే దానికి చోటు చూసిపెట్టాడు.